గృహ పునర్నిర్మాణంలో పురుషార్థ క్రమం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నది తెలుగువారి అనుభవసారం. కట్టిన ఇంటిని మార్చి కట్టడం అంతకంటె కఠినం. కొత్త ఇల్లు ఖాళీ స్థలంలో లేస్తుంది. పాత ఇంటి పునర్నిర్మాణం వృద్ధులు విశ్రమించే గదుల నడుమ, నిత్యపూజ జరిగే మందిరం ప్రక్కనే సాగుతుంది. ఇంతటి కార్యానికి నేడు అనేక గృహాలలో ప్రేరణగా నిలుస్తున్నవి రెండు: ఒకటి భయం, రెండవది ఆడంబరం. ఈ రెండూ గృహస్థధర్మానికి పునాదులు కాజాలవు.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, వివాహం ఆలస్యమైనా, వ్యాపారం మందగించినా దోషమంతా వంటగది దిక్కుదే అని నిశ్చయించి, అప్పుచేసి గోడలు పగులగొట్టించే గృహస్థులున్నారు. వాస్తువిద్య తృణీకరింపదగినది కాదు. మత్స్యపురాణం 18 మంది వాస్తుశాస్త్రోపదేశకులను పేర్కొన్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో 81 పదాల, 64 పదాల వాస్తుమండలాలను వివరించాడు. మయమతంలో జీర్ణమైన కట్టడాల పునరుద్ధరణకే ఒక అధ్యాయం ఉన్నది. సుఖం కోరే గృహస్థు ఇంటి మధ్యనున్న బ్రహ్మస్థానాన్ని ఎంగిలి మొదలైన మాలిన్యం సోకకుండా రక్షించుకోవాలని బృహత్సంహిత ఉపదేశం. ఆ నియమాన్ని పాటించడానికి సుత్తి అక్కరలేదు, చీపురు చాలు. బరువు మోసే గోడనో, బహుళ అంతస్తుల భవనంలోని స్తంభాన్నో, దూలాన్నో ఛేదించి దిక్కును సవరించాలనుకొనేవాడు తన కుటుంబాన్నే కాక పై అంతస్తులవారిని కూడా అపాయంలోకి నెడుతున్నాడు. దోషపరిహారం పేరిట పరప్రాణాలకు ముప్పు తెచ్చే పని ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

ఇక ఆడంబరం. దాని పర్యవసానాన్ని మహాభారతం సభాపర్వంలోనే చూపింది. మయుడు 14 మాసాలు శ్రమించి ధర్మరాజుకు అపూర్వమైన సభను నిర్మించి ఇచ్చాడు. అందులో నేలను జలమని, జలాన్ని నేల అని భ్రమించి దుర్యోధనుడు నవ్వులపాలయ్యాడు. ఆ అవమానం అసూయకు ఆజ్యం పోసింది, ద్యూతానికి దారితీసింది. అద్దంలా మెరిసే పలకలు పరచిన నేటి ఇళ్ళలోనూ కాలు జారుతున్నవారున్నారు. వారు అసూయాపరులు కారు, ఆ ఇంటి వృద్ధులే.

కావున పునర్నిర్మాణ ప్రణాళికకు ధర్మార్థకామాల క్రమమే సరియైన మార్గం. మొదటి ప్రశ్న ధర్మానికి సంబంధించినది: ఈ ఇల్లు ఎవరి కోసం? గృహస్థునికి ధర్మశాస్త్రాలు బ్రహ్మ, దేవ, పితృ, భూత, మనుష్య యజ్ఞాలనే పంచమహాయజ్ఞాలను విధించాయి. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ అనే ఐదు తావులలో తెలియక జరిగే జీవహింసకు అవి ప్రాయశ్చిత్తం. అంటే గృహస్థజీవనంలో వంటిల్లే యజ్ఞానికి మూలం. స్వాధ్యాయానికి నిశ్శబ్దమైన ఒక మూల, దేవతార్చనకు గాలి వెలుతురు గల చోటు, వచ్చిన అతిథికి కూర్చుని భుజించే వసతి, పక్షులకు నీళ్ళు పెట్టే పిట్టగోడ - ఇవి ప్రణాళికలో ముందుగా చేరాలి. బ్రతికియున్న తల్లిదండ్రుల సేవ వీటన్నిటికంటె ముందు చేరాలి.

ఇక్కడే ఒక ధర్మసందేహం తలెత్తుతుంది. పసుపు రాసి బొట్లు పెట్టే గడప లక్ష్మీస్థానం. మోకాళ్ళు వంగని తల్లికి, చక్రాల కుర్చీలో ఉన్న తండ్రికి అదే గడప అవరోధం. ప్రధానద్వారపు గడపను యథాతథంగా ఉంచి, అవసరమైనప్పుడు దానిపై వాలుబల్ల వేసుకోవచ్చు. లోపలి గదుల గడపలు తొలగించడంలో అపచారం లేదు. స్నానాలగదికి 90 సెంటీమీటర్ల వెడల్పు గల ద్వారం, జారని నేల, గోడకు పట్టుకొనే కడ్డీ ఏర్పరచడం పితృసేవలో భాగమే. తల్లిదండ్రులు గది దాటి రాలేని ఇంట్లో గడప పూజ ఒక్కటే లక్ష్మిని నిలుపజాలదు.

రెండవది అర్థం. కంటికి కనబడని పనులకు ధనం ముందుగా కేటాయించాలి: పైకప్పు కారడం, గోడల చెమ్మ, పాత విద్యుత్ తీగలు, తుప్పుపట్టిన గొట్టాలు. పలకలు పరచిన తరువాత గొట్టం కారితే చేసిన వ్యయమంతా వృథా. గోడ తీయదలచినప్పుడు ముందుగా ఇంజినీరు పరీక్షించాలి. పని, సామగ్రి, గడువు, చెల్లింపు వ్రాతపూర్వకంగా ఉండాలి. పాత గోడ విప్పాక బయటపడే లోపాలకు అంచనాలో కనీసం పదవ వంతు విడిగా ఉంచుకోవడం వివేకం. తాపీమేస్త్రీకి, కూలీలకు చెప్పిన రోజున చెల్లించకపోతే గృహప్రవేశంనాటి అన్నదానానికి అర్థం లేదు.

చివరిది కామం, అంటే సౌందర్యాభిలాష. దానికీ గృహంలో స్థానం ఉన్నది, కాని మొదటి స్థానం కాదు. గోదావరి ప్రాంతపు మండువా లోగిళ్ళలో ఇంటి నడుమ ఆకాశం కనిపించేది, వాన పడేది, చుట్టూ గదులకు వెలుతురు అందేది. ఆ మండువాను స్లాబుతో మూసి, పగటిపూట దీపాలు వెలిగించుకొని, దానిని ఆధునికత అనుకోవడం శోచనీయం. పాత పెంకులు మార్చి, దూలాలు సరిచేస్తే తరతరాలు నిలిచే అందం అది.

భగవద్గీత దేహాన్ని తొమ్మిది ద్వారాల పురమన్నది. ఆ పురంలో వసించే దేహి దానికి యజమానియే గాని దానితో బంధితుడు కాడు. గోడలతో కట్టిన ఇంటి విషయంలోనూ గృహస్థుకు ఈ దృష్టి అవసరం. సుత్తి దెబ్బ పడకముందు కుటుంబమంతా కూర్చుని, ఇంట్లో అందరికంటె బలహీనులైనవారిని "మీకేమి కావాలి?" అని అడగాలి. వారి సమాధానమే ప్రణాళికలో మొదటి పంక్తి కావాలి.