కులం అడిగేదాకా ఉండే దయ

ముక్కూ మొహం తెలియనివాడు ఆపదలో చెయ్యందిస్తే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. మనకైతే ఆ చెమ్మ ఆరకముందే ఒక ప్రశ్న వస్తుంది: "ఇంతకీ మీరేమిట్లు?"

1901 ప్రాంతంలో బాబాసాహెబ్ చిన్నపిల్లవాడు. తండ్రి దగ్గరికి పోతూ తోటి పిల్లలతో మసూర్ స్టేషన్‌లో దిగాడు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మంచి బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు జాలిపడ్డాడు, దగ్గరికొచ్చి పలకరించాడు. మహర్లమని చెప్పగానే మొహం మారింది, వెనక్కి జరిగాడు. బండివాళ్లు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడట! వెంట అన్నముంది, తాగడానికి మంచినీళ్లు పుట్టలేదు.

ఆ మాస్టరు చెడ్డవాడని మేం అనం. ఆయన జాలి నిజమే. కులం పేరు చెవినబడేదాకా నిజం.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపాక, ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాల చేరిన మనవాళ్లకు చర్చి ఆవరణలో చోటు దొరికింది. వాళ్లెవరో, ఎందుకొచ్చారో తెలిసే చోటిచ్చారు. ఈ దయా ఆ దయా ఒకటేనా?

ఏప్రిల్ 14కి చలివేంద్రాలు పెడతామంటున్నారు మన కుర్రాళ్లు. పెట్టండి. పల్లె మొగదల కాదు, ఊరి నడిబొడ్డున పెట్టండి. ఒకే కుండ, అందరికీ అవే గ్లాసులు. వచ్చినవాణ్ణి ఏమీ అడగొద్దు. నీళ్లు పోసేది మాలమాదిగ పిల్లలని మాత్రం బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి. తాగేవాడు తెలిసి తాగాలి.