జాబితాలో లేని బయోటెక్నాలజీ

2024 ఆగస్టు 24న కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాలలో పతాక శీర్షికలకెక్కింది ఉద్యోగుల ఏకీకృత పింఛను పథకం. అదే రోజు అదే మంత్రివర్గం మరో రెండింటికి కూడా ఆమోదముద్ర వేసింది. ఒకటి ‘బయో ఈ3’ విధానం. ఆర్థిక వ్యవస్థ, పర్యావరణం, ఉపాధి అనే మూడింటి ఆంగ్ల పదాల తొలి అక్షరాన్ని పట్టుకుని పెట్టిన పేరు అది. రెండోది ‘విజ్ఞాన్ ధార’. శాస్త్ర సాంకేతిక శాఖ విడివిడిగా నడుపుతున్న పథకాలను ఒకే గొడుగు కిందికి చేర్చి, 2025-26 వరకు రూ.10,579 కోట్లు చూపిన ఏర్పాటు అది. డిగ్రీలో సైన్సు చదివే విద్యార్థులకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఉపకారవేతనం ఈ గొడుగు కిందిదే.

ఈ రెండు పత్రాలను పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక విచిత్రం కంటబడుతుంది. బయోటెక్నాలజీయే రేపటి పారిశ్రామిక విప్లవమని మొదటిది చెబుతోంది. రెండోదాని కింద నడిచే ఉపకారవేతనానికి అర్హమైన పద్దెనిమిది సబ్జెక్టుల జాబితాలో మాత్రం బయోటెక్నాలజీ పేరు లేదు. భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు ఉన్నాయి, సముద్ర శాస్త్రం ఉంది, ఆంత్రోపాలజీ ఉంది. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్ కూడా ఉంది!

దీన్ని సమర్థించేవారి వాదనను తోసిపుచ్చలేం. 2008లో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం ఇన్‌స్పైర్‌ను తెచ్చినప్పుడు లక్ష్యం స్పష్టం. చురుకైన పిల్లలంతా ఇంజినీరింగ్, వైద్యం వైపు పోతుంటే మౌలిక శాస్త్రాలు వెలవెలబోతున్నాయి కాబట్టి అటు మళ్లించడానికి భృతి ఇవ్వాలనుకున్నారు. వృత్తివిద్యలను మినహాయించారు కాబట్టి బీటెక్ బయోటెక్నాలజీ చదివేవారికీ ఇది రాదు. అప్పట్లో బయోటెక్ ఒక మోజు. అది చదివేవారికి ప్రోత్సాహం అక్కర్లేదని నాటి అధికారులు తలచి ఉంటే అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ మోజు తగ్గింది, పరిశ్రమ పెరిగింది, జాబితా అలాగే ఉండిపోయింది. ఎలక్ట్రానిక్స్ మౌలిక శాస్త్రమైనప్పుడు, కణంలోని డీఎన్‌ఏను చదివే విద్య ఎందుకు కాలేదో చెప్పగల అధికారి ఎవరైనా ఉన్నారా?

ఇన్‌స్పైర్ మొత్తం ఏడాదికి రూ.80,000. అందులో రూ.60,000 విద్యార్థి చేతికి వస్తుంది, అంటే నెలకు ఐదు వేలు. మిగిలిన ఇరవై వేలు వేసవిలో ఒక శాస్త్రవేత్త పర్యవేక్షణలో ప్రాజెక్టు చేసినందుకు. అప్పటి నుంచి ధరలు రెట్టింపు దాటినా ఈ అంకె మారలేదన్నది వేరే కథ. అయినా ఈ పథకంలో నిజంగా విలువైనది ఆ ఇరవై వేలే అని నా అభిప్రాయం. పరిశోధనశాల గడప తొక్కడానికి అది ప్రవేశ రుసుం లాంటిది. బయోటెక్నాలజీ విద్యార్థికి దక్కకుండా పోతున్నది ముఖ్యంగా అదే. కేంద్రం తరఫున ఆ విద్యార్థి ఆశించగలిగిన సాధారణ ఉపకారవేతనం డిగ్రీ దశలో ఏడాదికి రూ.12,000. నెలకు వెయ్యి. దానికీ ఇంటర్ మార్కుల వడపోత, ఆదాయ పరిమితి ఉన్నాయి.

బయోటెక్నాలజీకి ప్రత్యేకంగా ఒక కేంద్ర విభాగమే ఉంది కదా, అది చూసుకోదా అని అడగవచ్చు. 1986లో ఏర్పడిన ఆ విభాగానికి పొడి అక్షరాలు డీబీటీ. ప్రత్యక్ష నగదు బదిలీకీ అవే పొడి అక్షరాలు. మొదటి డీబీటీ నుంచి డిగ్రీ విద్యార్థి ఖాతాకు రెండో డీబీటీ మాత్రం జరగదు. ఎంఎస్సీలో చేరితే నెలకు రూ.5,000 ఇస్తారు, అదీ జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా డీబీటీ మద్దతున్న కోర్సులో సీటొస్తేనే. ఆపైన పరిశోధనకు ఫెలోషిప్ ఉంది. పరిశ్రమలో ఆరు నెలల శిక్షణ పథకం ప్రధానంగా బీటెక్, ఎంఎస్సీ ముగించినవారి కోసం పెట్టింది. స్టార్ కాలేజ్ పథకం డిగ్రీ కళాశాలలకు పరికరాలకు, ప్రయోగాలకు డబ్బిస్తుంది. అది మంచి పథకమే. అయితే కళాశాలకు కొత్త పీసీఆర్ యంత్రం వచ్చినంత మాత్రాన విద్యార్థిని హాస్టల్ అద్దె తీరదు. పై మెట్లు బాగున్నాయి, కింది మెట్లే లేవు.

ఆ కింది మెట్టు దగ్గర నిలబడిన వారెవరో గుర్తుంచుకోవాలి. తెలుగు రాష్ట్రాలలో బైపీసీ చదివే పిల్లలలో అత్యధికుల తొలి కల వైద్యవిద్య. నీట్‌లో సీటు రానివారు, కోచింగ్ ఖర్చు భరించలేనివారు డిగ్రీ కళాశాలకు వస్తారు. వారిలో ఆడపిల్లలు తక్కువేమీ కాదు. ఇంటికి దగ్గరలోని కళాశాల, సాయంత్రానికి ఇల్లు చేరే బస్సు, ఏటా ప్రభుత్వం కడుతుందో లేదో తెలియని ఫీజు. బోర్డు పరీక్షల్లో తొలి ఒక శాతంలో నిలవాలన్న ఇన్‌స్పైర్ ప్రధాన షరతు వారిని ఎలాగూ వడపోస్తుంది. ఆ ఒక శాతంలోకి చేరేవారిలో చాలామంది ఎంబీబీఎస్, ఐఐటీ దారి పడతారు. అంటే అందుకోవాల్సినవారికి అర్హత లేదు, అర్హత ఉన్నవారికి అవసరం లేదు.

ఇదంతా ఎక్కడ జరుగుతోంది? హైదరాబాద్ శివారు శామీర్‌పేట ప్రాంతంలో 1999లో జీనోమ్ వ్యాలీకి రూపమిచ్చిన నేల మీద. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను దేశీయంగా తయారుచేసి ధర నేలకు దించిన నేల మీద. కోవాగ్జిన్, కార్బెవాక్స్ పుట్టిన నేల మీద. టీకా సంస్థలకు కావలసింది పీహెచ్‌డీలు మాత్రమే కాదు. కణాలను పెంచేవారు, ఫెర్మెంటర్ దగ్గర నిలబడి అంకెలు చూసేవారు, నాణ్యత పరీక్షించేవారు, ప్రతి అడుగునూ నియమం ప్రకారం నమోదు చేసేవారు కావాలి. ఇవి పుస్తకం చూసి వచ్చే పనులు కావు. మూడేళ్లలో ఒక్కసారైనా స్టెరైల్ గదిలో చేతొడుగులు వేసుకుని పనిచేయని పట్టభద్రురాలిని పరిశ్రమ తీసుకోదు. తప్పు పరిశ్రమది అనలేం, ఆమెది అసలే కాదు.

ఉపకారవేతనం అంటే చెక్కు మాత్రమే కాదని తెలుసుకోవడానికి ఒక ఉదాహరణ ఉంది. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్, బాల్టిమోర్ కౌంటీ 1988లో మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. రాబర్ట్, జేన్ మేయర్‌హాఫ్ దంపతుల విరాళం, తరువాత ఆ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడైన ఫ్రీమన్ హ్రబోస్కీ పట్టుదల దాని మూలధనం. సైన్సులో నల్లజాతి యువకులు వెనకబడిపోవడాన్ని చూసి వారితో ఆరంభించారు, తరువాత యువతులకు, ఆపైన అన్ని జాతులవారికీ తలుపులు తెరిచారు. తరగతులకు ముందు వేసవిలోనే సన్నాహక శిక్షణ, కలిసి చదివే బృందాలు, తొలి ఏళ్ల నుంచే పరిశోధనశాలలో పని, వెన్నంటి ఉండే మార్గదర్శకులు. డబ్బు వీటన్నిటిలో ఒకటి మాత్రమే. అలా చదివి 2008లో పట్టా పుచ్చుకున్న కిజ్మేకియా కార్బెట్, పన్నెండేళ్ల తరువాత అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో మోడెర్నా కొవిడ్ టీకా రూపకల్పనలో ముందు నిలిచిన శాస్త్రవేత్త. అదే జాతీయ ఆరోగ్య సంస్థలు డిగ్రీ దశలో ఇటువంటి విద్యార్థులకు ఊతమిచ్చిన శిక్షణ నిధులను 2025లో ట్రంప్ ప్రభుత్వ హయాంలో నిలిపివేశాయి. అక్కడివారు కట్టినదాన్ని కూల్చుకుంటున్నారు. మనమింకా కట్టనే లేదు.

ఈ విషయంలో రాష్ట్రాలు కేంద్రం వైపు వేలు చూపి తప్పించుకోలేవు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు 2025లో తలుపులు మూసి సమ్మెకు దిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినా బకాయిల పంచాయితీ మారలేదు. ఇక కేంద్రం సంగతి. ఇన్‌స్పైర్ కింద పరిశోధన చేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థులు నెలల తరబడి ఫెలోషిప్ అందలేదని 2025లో బహిరంగంగానే మొరపెట్టుకున్నారు. పరిశోధకుడికే సకాలంలో ఇవ్వలేని వ్యవస్థ చేతిలో మరో పథకం పెడితే ఏమవుతుందన్న సందేహం న్యాయమైనదే. అందుకే నేనడిగేది కొత్త పేరుతో కొత్త పథకం కాదు.

ఇన్‌స్పైర్ జాబితాలో బయోటెక్నాలజీని చేర్చాలి. ఒక శాతం షరతుకు తోడుగా, ప్రతి జిల్లాలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల నుంచి కొన్ని స్థానాలు రిజర్వేషన్ నిబంధనలతో కేటాయించాలి. వేసవి ప్రాజెక్టుకిచ్చే ఇరవై వేలను ప్రభుత్వ పరిశోధనశాలలకే పరిమితం చేయక, రాయితీ భూమి తీసుకున్న పరిశ్రమలు కూడా ఆ రెండు నెలలు పిల్లలను తీసుకునేలా చూడాలి. చవకగా భూమి ఇచ్చిన ప్రభుత్వం ప్రతిఫలంగా పది మంది విద్యార్థులకు రెండు నెలల చోటు అడగడం అత్యాశ కాదు. డబ్బు నెలనెలా పడాలి.

దేశ జీవ ఆర్థిక వ్యవస్థ 2014లో వెయ్యి కోట్ల డాలర్లు, 2024లో 16,570 కోట్ల డాలర్లు, 2030 నాటికి 30,000 కోట్ల డాలర్లు అని ప్రభుత్వం లెక్క చెబుతోంది. ఈ లెక్కలో ఏమేమి కలుపుతున్నారన్నది చర్చించవలసిన విషయమే. కానీ లెక్క నిజమైతే డిగ్రీ విద్యార్థికి భృతి లేకపోవడం అర్థం కాదు, లెక్క అబద్ధమైతే బయో ఈ3 అర్థం కాదు.

విజ్ఞాన్ ధార, బయోటెక్నాలజీ విభాగం వారి బయో-రైడ్ రెండూ 15వ ఆర్థిక సంఘం కాలానికి, అంటే 2025-26 వరకు ఆమోదం పొందినవే. ఆ తరువాతి ఐదేళ్ల మార్గదర్శకాలను ఢిల్లీలో ఎవరో రాయవలసిందే. కేంద్ర ప్రభుత్వాన్ని నిలబెడుతున్న పక్షాలలో తెలుగుదేశానికి లోక్‌సభలో 16 మంది సభ్యులున్నారు. తెలంగాణ నుంచి బీజేపీకి ఎనిమిది మంది, కాంగ్రెస్‌కు ఎనిమిది మంది. వీరిలో ఎవరైనా ప్రశ్నోత్తరాల సమయంలో లేచి అడగవచ్చు: పద్దెనిమిది సబ్జెక్టుల జాబితాను చివరిసారి ఎప్పుడు సమీక్షించారు, పందొమ్మిదో పేరు చేర్చే ప్రతిపాదన ఉందా, లేకుంటే ఎందుకు లేదు?