చేపల తొట్టికి తొమ్మిది వాట్ల ఎండ
ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి బల్బు ఏ కంపెనీదన్నది పట్టదు. పోగు మీద వెలుగు పడిందా లేదా అన్నదే లెక్క. నీటిమొక్కలదీ అదే తీరు. రెండడుగుల తొట్టికి వేలు పోసి దిగుమతి లైటు కొనడం నా దృష్టిలో దండగ. హిందూపురం బజారులో ఏ కరెంటు సామాన్ల అంగట్లోనైనా దొరికే 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, హోల్డర్లు రెండు, నిలువునా కోసి లోపల తెల్లరంగు పూసిన పీవీసీ పైపు డొప్ప ఒకటి చాలు; వాలిస్నేరియా, జావా ఫెర్న్ హాయిగా బతుకుతాయి. రోజుకు 8 గంటలు వెలిగించినా నెలకు నాలుగున్నర యూనిట్లు దాటదు. ఆశకు పోయి 12 గంటలు వెలిగిస్తే మొక్క కంటే ముందు పాచి ఎదుగుతుంది. పెనుకొండ కోట మీద కాసే ఎండ ఊరికే వస్తోంది కదా అని తొట్టిని కిటికీ పక్కన పెట్టారో, నీళ్లు కాగి పచ్చబడతాయి. మన బోరునీళ్ల తుంపర అద్దం మూత మీద ఆరి తెల్లటి పొర కడుతుంది. వారానికోసారి తుడవకుంటే ఎంత ఖరీదైన లైటైనా గుడ్డిదీపమే. పిసినారితనం పనికిరానిది ఒక్క వైరు దగ్గరే: మంచిది కొని, ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగేలా వేలాడదీయండి. జారిన చుక్క నేల మీద రాలాలి గానీ ప్లగ్గులోకి పాకకూడదు.