కుళాయి వెనుక కాలువ

గ్రూప్స్ వ్యాసంలో ‘నీటి పొదుపు’ అంటూ పేజీలు నింపుతారు సరే, మీ రూమ్‌లో ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లను ఎప్పుడైనా బకెట్‌లో పట్టి చూశారా? ఇళ్లలో వాడే చాలా మిషన్లు లీటరు మంచినీటికి సుమారు మూడు లీటర్లు కాలువ పాలు చేస్తాయి. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశించింది. (ఇంటర్వ్యూకీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.)

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు హంద్రీ-నీవా కాలువల్లో వచ్చే కృష్ణా నీరు దానంతటది పారి రాదు. శ్రీశైలం జలాశయం నుంచి మెట్టు మెట్టుగా మోటార్లతో ఎత్తిపోయాలి. బోరు నీరైనా అంతే, ఎంత లోతైతే అంత కరెంటు. వృథా చేసే ప్రతి బిందెతో ఆ కరెంటూ పోతోంది. ఆర్వో వదిలిన నీటితో గచ్చు కడగండి, బాత్‌రూమ్‌లో పోయండి. ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకు మాత్రం చూసి పోయండి. ముందుగా హాస్టల్ ఓనర్‌ని అడగండి: మన నీళ్ల టీడీఎస్ ఎంతండీ?