పని ఇచ్చేవాడు డబ్బు అడగడు



ఇంటి దగ్గర పని మన పొందూరుకు కొత్త కాదు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఇంట్లోనే రాట్నం ముందు కూర్చొని సన్న నూలు వడికే తల్లులు మనకు తెలుసు. నూలు ఇస్తారు, కూలి తీసుకుంటారు. కూలి కొంచెమే అయినా దారి తిన్నగా ఉంది: పని చేసినవారి చేతికే డబ్బు వస్తుంది. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట ఉండి డేరాలు కుట్టిన పౌలుగారి పని కూడా ఇలాంటిదే.

"ఇంటి నుండే పని, రోజుకు మూడు వేలు" అని ఫోనుకు వచ్చే మెసేజులో ఈ దారి తలక్రిందులవుతుంది. పని ఇస్తామన్నవాడే ముందు మనల్ని కట్టమంటాడు.

2023 జూలైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన కేసు చూడండి. ఒకాయనకు రేటింగులు ఇచ్చే పని అన్నారు. వెయ్యి రూపాయలు కట్టించి 866 లాభం చూపారు. ఆ 866 గాలానికి గుచ్చిన ఎర. తరువాత పెద్ద మొత్తాలు కట్టించి, ఒక్క రూపాయి తీసుకోనివ్వలేదు. ఆయన పోగొట్టుకొన్నది 28 లక్షలు. ఆ ముఠా దోచినది మొత్తం 712 కోట్లని పోలీసులు చెప్పారు.

"ఆశపడ్డారు, అనుభవిస్తున్నారు" అని కొందరంటారు. మేము ఒప్పుకోము. ఇందులో చిక్కుకొనేవారిలో చాలామంది సోమరులు కారు, పని కోరుకొన్నవారు. చంటిబిడ్డను వదిలి బయటకు పోలేని తల్లి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్ల. మనం నిందిస్తే వారు దాచుకుంటారు. దాచుకొన్నవారు పోయిన డబ్బు రాబట్టాలని అప్పు చేసి మళ్లీ కడతారు. మోసగాడికి కావలసింది ఆ సిగ్గే. మన మందిరంలో ఆ సిగ్గుకు చోటు ఉండకూడదు.

అవతల మెసేజు పంపేవాడు కూడా ఒక్కోసారి చెరలో ఉన్నవాడే. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టినట్టు, సింగపూరులో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన ప్రాంతపు యువకులను కంబోడియాకు చేర్చి, ఈ మోసాలే చేయించారు. వారిని కూడా ప్రార్థనలో జ్ఞాపకము చేసుకుందాం.

కాబట్టి మా మనవి ఇది. రిజిస్ట్రేషన్, డిపాజిట్, ట్రైనింగ్ అని ఏ పేరుతో డబ్బు అడిగినా అక్కడే ఆగండి. ఓటీపీ చెప్పకండి. కమీషను ఇస్తామన్నా మీ బ్యాంకు ఖాతాను ఎవరికీ వాడుకోనివ్వకండి. దొంగసొమ్ము దానిలో తిరిగితే పోలీసులు మీ గుమ్మానికే వస్తారు. మనవాళ్లు పంపారు కదా అని నమ్మేస్తారు గనుక, పెద్దలకు చూపకుండా ఉద్యోగపు లింకులు సంఘం గ్రూపులో పెట్టవద్దు. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఖాతాలో సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తరువాత మా దగ్గరకు రండి. రాత్రయినా సరే, తలుపు తీస్తాము. ఎందుకు కట్టారని అడగము.

మీ చేతుల కష్టార్జితమును ప్రభువు కాపాడును గాక. ఆమేన్.