కార్డు మీద ఒక్క వచనం

ఈ వారం రాస్తున్నది కొందరికి కోపం తెప్పించవచ్చు. నాకు నా మీదే కోపంగా ఉంది కాబట్టి నాతోనే మొదలుపెడతాను.

ప్రతి డిసెంబరు 31 రాత్రి మన మందిరంలో పళ్లెం నిండా వాగ్దానపు కార్డులు పెడతాం. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి ఒకటి తీసుకుంటారు. మూడేళ్ల క్రితం ఒక తల్లికి 91వ కీర్తనలో పదో వచనం వచ్చింది. ఇంటికి ఏ కీడూ రాదని ధైర్యం చెప్పే వచనం అది. దాన్ని గుమ్మం పైన అతికించుకుంది. ఆగస్టులో ఆమె కొడుకు బైకు ప్రమాదంలో చనిపోయాడు. సమాధి చేసిన మూడో రోజు పరామర్శకు వెళ్లినప్పుడు ఆమె ఒకటే అడిగింది: "అయ్యగారూ, ఆ రాత్రి వేరేవాళ్ల కార్డు నేను తీసేశానా?"

నేనేమన్నాను? "ఏడవకమ్మా, దేవుని చిత్తం. స్తుతించు, విశ్వాసం పోగొట్టుకోకు" అన్నాను. ఆమె తల ఊపింది. తర్వాత రెండు నెలలు మందిరానికి రాలేదు. అది ఆమె విశ్వాస లోపమని నేను అనుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట.

కీర్తనలో తప్పు లేదు. మనం దాన్ని కోసిన తీరులో ఉంది. అదే 91లో పదిహేనో వచనం దాకా చదవండి. శ్రమలో తోడుంటానని దేవుడు అంటున్నాడు. అంటే శ్రమ వస్తుందని ఆ కీర్తనకే తెలుసు. కార్డు అచ్చువేసినవాడికి ఆ వచనం అక్కర్లేదు. ఇంకో సంగతి. ఇదే కీర్తనలోంచి 11, 12 వచనాలు కోసి వాడినవాడు సువార్తల్లో ఒకడున్నాడు. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకమంటూ వాటినే చదివాడు సాతాను. మత్తయి నాలుగో అధ్యాయం తీసి చూసుకోండి. అతడు వచనం తప్పుగా చదవలేదు, వాగ్దానాన్ని పందెంగా మార్చాడు. ఈ కోత పని మనం ఎవరి దగ్గర నేర్చుకున్నామో నన్ను అడగకండి.

150 కీర్తనల్లో మన నోట ఆడేవి ఎన్ని? 23, 91, 103, 121. మహా అయితే ఇంకో ఐదారు. హెబ్రీలో ఈ గ్రంథం పేరు తెహిల్లీమ్, అంటే స్తుతులు. ఆ పేరున్న పుస్తకంలో మూడో వంతుకు పైగా మొరలే. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలమని నాలుగుసార్లు అడుగుతుంది. 44 అయితే ఎందుకు నిద్రపోతున్నావని దేవుణ్ణే నిలదీస్తుంది. ఇక 88. అందులో చివరిదాకా వెలుతురు రాదు. హెబ్రీ మూలంలో దాని ఆఖరి పదమే చీకటి. ఎవరూ దానికి ఒక మంచి ముగింపు అతికించలేదు. అలాగే ఆరాధనలో పాడుకున్నారు, అలాగే మనకు అందించారు.

"ఇలాంటివి చదివితే జనం నీరసపడిపోతారు పాస్టరుగారూ, నెగటివ్ మాటలు పలకకూడదు" అని నా తోటి సేవకులు కొందరు అంటారు. సిలువ మీద మన ప్రభువు పలికినది ఏ కీర్తన మొదటి మాట? 22వ కీర్తనది. ఎందుకు విడిచిపెట్టావని అడిగిన మాట. ఆయనకూ విశ్వాసం చాలలేదందామా?

ఆ తల్లి ఇంటికి మళ్లీ వెళ్లాను, ఈసారి ప్రసంగం లేకుండా. 88 మొత్తం చదివాను, 18 వచనాలు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇది కూడా బైబిల్లోనే ఉందా అయ్యగారూ?" అంది. ఉందన్నాను. "మళ్లీ చదవండి" అంది. రెండోసారి చదువుతుంటే ఏడ్చింది. అంతకుముందు నేను ఆపించిన ఏడుపు అది.

ఓదార్పు సంగతి అలా ఉంచండి. దినదిన జీవితానికి దారి చూపే కీర్తనలనైనా కోయకుండా ఉంచామా? 15వ కీర్తన కార్డు ఎవరైనా చూశారా? దేవుని గుడారంలో ఉండదగినవాడెవడని అడిగి, జవాబులో ఉపవాసాల లెక్క చెప్పదు. వడ్డీకి డబ్బు ఇవ్వనివాడు అంటుంది. నష్టం వచ్చినా మాట తప్పనివాడు అంటుంది. బస్తా ఇంతకని ధాన్యానికి మాటిచ్చి, మర్నాడు రేటు పెరిగితే ఫోను ఎత్తనివాళ్లం మనలో లేమా? నూటికి మూడు రూపాయల వడ్డీకి సాటి విశ్వాసికే ఇచ్చి, ఆదివారం మొదటి వరుసలో చప్పట్లు కొట్టేవాళ్లం లేమా? ఈ కీర్తన మీద ఎనిమిదేళ్లుగా నేను ప్రసంగించలేదు. మందిరం శ్లాబుకి ఆ వడ్డీ డబ్బు కూడా తీసుకున్నాను కాబట్టి. కార్డులు వేసేవాళ్లనే అనడం దేనికి, నేనూ కత్తెర పట్టినవాణ్ణే.

అందుకని ఈ డిసెంబరు 31న పళ్లెం ఉండదు. పెద్దలతో మాట్లాడాను. ఇద్దరు ఒప్పుకోలేదు, కార్డులు కావాలంటే పట్నంలో దొరుకుతాయన్నాను. జనవరి 1 నుంచి రోజుకొక కీర్తన, సాయంత్రం ఒక్కో ఇంట్లో, మొదటి నుంచి చివరిదాకా ఏదీ వదలకుండా చదువుదాం. మే నెలాఖరుకి 150 పూర్తవుతాయి. 119కి 176 వచనాలు, ఆ రోజు వంట ముందే చేసుకుని రండి. 15వ కీర్తన జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి బాకీలు గుర్తుకొచ్చే రోజుల్లో వస్తుంది. దాన్ని మా ఇంట్లోనే పెడుతున్నాను.

88 మార్చి నెలాఖరులో వస్తుంది. ఆ సాయంత్రం కూడిక తన ఇంట్లో పెట్టమని ఆ తల్లే అడిగింది.