బ్లాగు స్థాపనకు మార్గదర్శిని: తెలుగున నెట్లు వ్రాయవలెను?

ఈ సంవత్సరము పై తరగతుల విద్యార్థులు కొందఱు మాయొద్దకు వచ్చి, పాఠశాల పత్రికలోని వ్యాసములను అంతర్జాలమునగూడ నుంచవలెనని కోరిరి. అందులకై స్వంత బ్లాగును నెలకొల్పు విధమును దెలుపు చిన్న మార్గదర్శినిని వ్రాసి యిమ్మనిరి. మేము సంతోషముతో నొప్పుకొని, రెండు దినములలో నాలుగు పుటలు వ్రాసి ముగించితిమి. ఎల్దుర్తి వంటి యూర నిట్టి పని చేయగలిగితిమని కొంత గర్వమును గలిగెను. ఆ గర్వ మెంతోకాలము నిలువలేదు.

తొమ్మిదవ తరగతి బాలిక నొకతెను పిలిచి, ఆ పుటలను చేతికిచ్చి, "మమ్ము నేమియు నడుగక, ఇందున్నట్లు చేయుము" అని చెప్పి ప్రక్కన గూర్చుంటిమి. మూడవ వాక్యమునొద్ద నామె యాగెను. "ఫైళ్లను సర్వరుపైకి చేర్చుము" అని యచ్చట వ్రాసియుంటిమి. ఆమె కొంతసేపు తెరవంక జూచి, తల వంచుకొని, "సర్వరు యేడుంటది సార్? నాకు సమజైతలేదు, తెలివి లేదేమో" అనెను.

ఆ మాట మమ్ము మిక్కిలి నొప్పించెను. లోపము మా వాక్యమున నుండగా, ఆ బాలిక దానిని తనపై వేసికొనెను. మార్గదర్శిని యెఱిగినవారి మెప్పుకొఱకు గాదు, ఎఱుగనివారి యుపయోగముకొఱకు వ్రాయబడవలెను. ఇదియే యీ వ్యాసమున మేము చెప్పదలచినది.

ఇంత శ్రమ యేలయని తల్లిదండ్రు లడుగవచ్చును. ఉచితముగ వ్రాసికొనుటకు చోటు లనేకములు గలవు గదా! కలవు, కాని యవి పరుల యిండ్లు. మన దేశమున లక్షలాది జనులు వాడిన ఆర్కుటు 2014లో మూతపడెను. గూగుల్ ప్లస్ 2019లో మూతపడెను. తమ వ్రాతలను ముందుగా దీసికొని దాచుకొననివారు వానిని గోలుపోయిరి. స్వంత బ్లాగున కట్టి భయము తక్కువ. 2003లో మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు మొదలుపెట్టిన వర్డ్‌ప్రెస్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దాని నెవ్వరైనను వెల లేకుండ దీసికొని, వాడుకొని, మార్చుకొని, ఇతరులకు బంచవచ్చును. దాని పలుకులు తెలుగునగూడ లభించుచున్నవి. చోటు నచ్చనియెడల, అదే చిరునామాతో మన వ్రాతల నన్నిటిని మఱియొక సర్వరునకు దరలించుకొనవచ్చును.

అయినను మార్గదర్శిని నిజము చెప్పవలెను. సాఫ్ట్‌వేరు ఉచితమేగాని చిరునామాకును సర్వరునకును ఏటేట సొమ్ము చెల్లింపవలెను. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరింపవలెను. లేనియెడల దొంగలు చొరబడుదురు. వర్డ్‌ప్రెస్ పేరిటనే, స్థాపన యక్కఱలేని వేఱొక సేవయు గలదు. క్రొత్తవారు ఈ రెంటిని ఒకటే యనుకొని తికమకపడుదురు. కేవలము వ్రాత నభ్యసింపగోరు బాలునకు ఆ సేవయే చాలును. ఈ సంగతులు మొదటి పుటలోనే యుండవలెను.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన సూత్రమొకటి గలదు: తెలిసినదానినుండి తెలియనిదానికి బోవలెను. రెండవమాఱు వ్రాయునపుడు దానినే పట్టుకొంటిమి. సర్వరనగా ఎల్లప్పుడు మేల్కొనియుండు నొక కంప్యూటరు. అది మన యింటికి స్థలము. చిరునామా యింటి నంబరు. వర్డ్‌ప్రెస్ ఫైళ్లు గోడలు, గదులు. డేటాబేసు ఆ యింటి బీరువాలోని రిజిస్టరు. మన వ్యాసములన్నియు నందే యుండును. స్థాపనలో మనము తెలుపవలసినవి ముఖ్యముగ నాలుగు: రిజిస్టరు పేరు, దానిని దెఱచువాని పేరు, అతని సంకేతపదము, అది యున్న చోటు. వీనిలో నొక యక్షరము తప్పినను, డేటాబేసుతో సంబంధ మేర్పడలేదను మాట తెరపై గనబడును. ఆ మాటయు, దాని మందును అదే మెట్టు క్రింద వ్రాసియుంచితిమి. వర్డ్‌ప్రెస్‌వారు తమ స్థాపనను అయిదు నిమిషముల పని యందురు. ఎఱిగినవానికది నిజమే, మా బాలికకు రెండు మధ్యాహ్నములు పట్టెను. అందుచేత "సులభముగ" అను మాటను మా పుటలనుండి కొట్టివేసితిమి.

ఇంగ్లీషు పుస్తకమును మక్కికి మక్కిగ తెనిగించినను చాలదు. తెలుగువారికి మాత్రమే యెదురగు చిక్కులు వేఱుగ గలవు. డేటాబేసునకు యూటీఎఫ్8ఎంబీ4 అను లిపివిధానము నేర్పరుపనియెడల మన యక్షరములు ప్రశ్నార్థక చిహ్నములుగ మాఱవచ్చును. మఱియొకటి: వ్యాసమునకు దెలుగు పేరు పెట్టిన, దాని చిరునామాలో ఒక్కొక్క అక్షరమును, ఒక్కొక్క గుణింతపు గుర్తును తొమ్మిదేసి గుర్తులుగ మాఱును. వర్డ్‌ప్రెస్ ఆ భాగమునకు 200 గుర్తులే కేటాయించెను గాన, ఇరువదిరెండింటితో చిరునామా తెగిపోవును. అందుచేత దానిని పొట్టిమాటతో మార్చుకొనుడని చెప్పవలెను.

అభ్యాసము మొదట మన కంప్యూటరుపైననే చేయింపవలెను. ఎక్సాంప్ అను ఉచిత సాధనముతో, అంతర్జాలము లేకయే, రొక్కము వ్యయపఱుపకయే, బ్లాగును స్థాపించి చూడవచ్చును. చెడినయెడల చెఱిపి మరల మొదలుపెట్టవచ్చును. పలకపై వ్రాసి తుడిచినట్లే.

కడపటి మాట మా తప్పునుండి నేర్చినది. కొన్నేండ్ల క్రిందట మేము విద్యార్థుల వ్యాసములతో నొక చిన్న బ్లాగును నడిపితిమి. సర్వరు చెడునేమోయని ఫైళ్లను జాగ్రత్తగ దాచితిమి; డేటాబేసును మఱచితిమి. సర్వరు చెడిననాడు చిత్రములన్నియు మిగిలెను. వ్యాసములలో నొక్కటియు మిగులలేదు. వానిని వ్రాసిన బాలురకు మేమేమి చెప్పగలము? కావున రెంటిని దాచు విధమును, దాచినదానిని తిరిగి నిలిపి చూచు విధమును చివర గాక నడుమనే చేర్చితిమి. పని ముగిసినదని సంతోషించినవాడు చివరి పుటను చదువడు.

ఇప్పుడు మా మార్గదర్శిని పదునొకండు పుటలైనది. ఏ మెట్టునొద్ద నాగినదో గుర్తుపెట్టి చూపిన ఆ బాలికయే దానికి సగము కర్త. సాఫ్ట్‌వేరు మాఱుచుండును గాన, ముఖపత్రముపై వ్రాసిన తేదీని, వర్డ్‌ప్రెస్ సంఖ్యను వేసితిమి. ఏటేట ఏమియు నెఱుగని యొక విద్యార్థి చేతికిచ్చి దానిని పరీక్షింపవలెనని మా సంకల్పము.

విద్యార్థులారా! మీరు నేర్చినదానిని రేపు మీ తమ్మునికో చెల్లెలికో వ్రాసి చూపుడు. వారాగినచోట వారిని గద్దింపక, మీ వాక్యమును దిద్దుడు. తల్లిదండ్రులారా! మీ బిడ్డ పుస్తకము ముందు చేతులు ముడుచుకొని కూర్చున్నయెడల, మందబుద్ధి యని తలపకముందు, ఆ పుస్తక మెవరికొఱకు వ్రాయబడినదో యొక్కసారి విచారింపుడు.